ఊరవతల బుల్లెట్!

బుల్లెట్ రైలు హైదరాబాద్‌కు వస్తుందట, హైదరాబాద్‌లోకి మాత్రం రాదట. 2026 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన ఏడు హైస్పీడ్ కారిడార్లలో మూడు మన నగరానివే: పుణె, బెంగళూరు, చెన్నై. ఆ జాబితాలో మూడు లైన్లు కలిసే ఊరు ఇంకొకటి లేదు. సంతోషించాల్సిన విషయమే. అయితే ఆ మూడూ ఎక్కడ కలుస్తాయని అడిగితే కసరత్తంతా శంషాబాద్ చుట్టూనే తిరుగుతోంది. సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ పేర్లు ఎవరి నోటా గట్టిగా వినిపించడం లేదు. దీని మీద ఇప్పుడే మాట్లాడకపోతే ఇక మాట్లాడే అవకాశం రాదు.

ఇంకా ఒక్క రైలు పట్టా పడలేదు, భూసేకరణ నోటీసు రాలేదు, ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే స్టేషన్ గొడవేమిటని నవ్వేవాళ్లు ఉంటారు. అసలు గొడవ పడాల్సింది ఇప్పుడే. గంటకు 300 కిలోమీటర్లు దాటి పరుగెత్తే రైలు మామూలు రైలులా ఎక్కడంటే అక్కడ మలుపు తిరగదు. దాని మలుపులు కిలోమీటర్ల కొద్దీ సాగుతాయి. ఒకసారి ఎలైన్‌మెంట్, అంటే రైలు వెళ్లే దారి, గీశాక స్టేషన్‌ను నాలుగు కిలోమీటర్లు జరపాలన్నా గీత మొత్తం చెరిపి మళ్లీ గీయాలి. డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక) ఢిల్లీ చేరాక ఎవరెంత మొత్తుకున్నా ‘టూ లేట్’ అన్న జవాబే వస్తుంది.

స్టేషన్ ఊరి బయట కడతాం, ఊర్లోంచి అక్కడికి దారి తర్వాత వేస్తాం అనే మాట ఈ నగరానికి కొత్తది కాదు. ఆ ‘తర్వాత’ ఎప్పుడొస్తుందో కూడా నగరానికి తెలుసు.

2008 మార్చిలో బేగంపేట విమానాశ్రయాన్ని మూసేసి శంషాబాద్‌కు తరలించారు. రైలు లింకు వెనకే వస్తుందన్నారు. 18 ఏళ్లయింది. 2012-13లో మంజూరైన ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ల రెండో దశ విమానాశ్రయం దాకా పోవాల్సింది, ఉందానగర్ దగ్గర ఆగిపోయింది. 2022 డిసెంబర్‌లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ రాయదుర్గం నుంచి విమానాశ్రయానికి 31 కిలోమీటర్ల మెట్రోకు శంకుస్థాపన చేశారు. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది, ఆ ప్రాజెక్టును కొత్త ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి పక్కన పెట్టారు. నాగోల్ మీదుగా వెళ్లే మరో మార్గాన్ని మెట్రో రెండో దశలో చేర్చి, 2024 నవంబర్‌లో 24,269 కోట్ల రూపాయల ప్రతిపాదనగా కేంద్రానికి పంపారు. అది ఇంకా ఆమోదం కోసం ఎదురుచూస్తూనే ఉంది. మూడు పథకాలు, రెండు ప్రభుత్వాలు, ఒక శిలాఫలకం. పట్టాలు మాత్రం లేవు. ఏటా రెండున్నర కోట్ల మందికి పైగా వాడే విమానాశ్రయానికి నేటికీ ఆర్టీసీ పుష్పక్ బస్సో, క్యాబో తప్ప గతి లేదు.

అంత వెనక్కి పోవడం ఎందుకు, చర్లపల్లి చూడండి. సికింద్రాబాద్ మీద భారం తగ్గిస్తామని 400 కోట్లకు పైగా ఖర్చు పెట్టి కట్టిన టెర్మినల్‌ను 2025 జనవరి 6న ప్రధాని వర్చువల్‌గా ప్రారంభించారు. లిఫ్టులు, ఎస్కలేటర్లు, ధగధగలాడే ముఖద్వారం, అన్నీ బాగున్నాయి. సికింద్రాబాద్ పునర్నిర్మాణం పేరుతో ఒక్కో రైలునూ అక్కడికి మళ్లించారు. తెల్లవారకముందే రైలు దిగిన కుటుంబం రెండు సూట్‌కేసులు, ఒక బియ్యం మూట, నిద్రమొహంతో ఉన్న పిల్లలతో బయటికొస్తే మెట్రో ఉండదు, ఆ వేళకు ఎంఎంటీఎస్ ఉండదు, బస్సు ఎప్పుడొస్తుందో చెప్పేవాడు ఉండడు. ఆటోవాలా చెప్పిందే రేటు. ఊరి నుంచి ఇక్కడికి రావడానికైన టికెట్ కంటే ఇక్కణ్నుంచి ఇంటికి చేరడానికే ఎక్కువైందని ప్రయాణికులు వాపోతున్నారు. రోడ్ల వెడల్పు రాష్ట్రం పని అని రైల్వే అంటుంది. టెర్మినల్ కట్టేముందు మమ్మల్ని అడిగారా అన్నట్టు రాష్ట్రం ఊరుకుంటుంది. మధ్యలో సూట్‌కేసు మోసేది జనం.

ఇప్పుడు ఇదే పద్ధతిని వేల కోట్ల స్థాయిలో మళ్లీ చేయబోతున్నారు. మా భయమల్లా ఇదే. విమానాశ్రయం విషయంలో ఊరుకున్నాం కాబట్టి చర్లపల్లి వచ్చింది. చర్లపల్లి విషయంలో ఊరుకుంటే బుల్లెట్ రైలు శంషాబాద్‌లో ఆగుతుంది. దాన్నీ ఒప్పుకుంటే రేపు వరంగల్‌కు, ఖమ్మానికి, కర్నూలుకు ఏ స్టేషన్ ఎక్కడ కట్టాలన్నా అధికారుల చేతిలో రెడీమేడ్ సమాధానం ఉంటుంది: ‘హైదరాబాద్‌కే ఊరి బయట కట్టాం, మీకెందుకు ఊర్లో?’

కొంచెం లెక్క వేయండి. బెంగళూరుకు రెండు గంటల్లో చేరుస్తామని రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ చెబుతున్నారు. నగరానికి అవతలి కొసన కొంపల్లిలోనో, ఈసీఐఎల్‌లోనో ఉన్న మనిషి పొద్దుటి ట్రాఫిక్‌లో శంషాబాద్ చేరడానికి గంటన్నర పడుతుంది. రైలు తప్పిపోతుందేమోనన్న టెన్షన్‌తో ఇంకో అరగంట ముందే బయల్దేరతాడు. ప్రయాణంలో సగం కాలం ఔటర్ రింగ్ రోడ్డు మీదే గడిచిపోతే బుల్లెట్ వేగం ఎవరికి ఉపయోగం? విమానం కంటే రైలు మేలు కావడానికి అసలు కారణం అది ఊరి మధ్యలో దించడం. ఆ ఒక్కటీ తీసేసి, విమానాశ్రయం పక్కనే నిలబెట్టి విమానంతో పోటీ పడమంటే ఎలా?

నగరం కింద సొరంగం తవ్వాలంటే ఖర్చవుతుంది, భూసేకరణ కష్టం, విమానాశ్రయం పక్కన ఉంటే విమానం దిగినవారికి సౌకర్యం అన్న వాదనలు ఉన్నాయి. నిజమే, కానీ ఇవన్నీ ముంబైకి ఎందుకు అడ్డు రాలేదు?

ముంబై-అహ్మదాబాద్ లైను కోసం దేశంలోనే అత్యంత ఖరీదైన నేలల్లో ఒకటైన బాంద్రా-కుర్లా కాంప్లెక్స్‌లో 30 మీటర్లకు పైగా లోతున తవ్వి భూగర్భ స్టేషన్ కడుతున్నారు. అక్కడికి రైలు రావడానికి 21 కిలోమీటర్ల సొరంగం, అందులో 7 కిలోమీటర్లు థానే క్రీక్ నీళ్ల అడుగున. ఆ స్థలంలో ఉన్న పెట్రోల్ బంకును కదిలించడానికే ఏళ్లు పట్టింది. మహారాష్ట్రలో ప్రభుత్వం మారాక 2022లో గానీ దారి క్లియర్ కాలేదు. అయినా ఎవరూ ‘పోనీ, పన్వేల్ అవతల కట్టేద్దాం’ అనలేదు. అహ్మదాబాద్‌లో అయితే నగరం నడిబొడ్డున ఉన్న కాలుపూర్ స్టేషన్ ప్లాట్‌ఫాంల మీదుగానే బుల్లెట్ స్టేషన్ లేపారు. అది చాలదన్నట్టు అదే నగరంలో సబర్మతి దగ్గర ఇంకొకటి. సూరత్‌లో ఊరవతల అంత్రోలిలో కట్టలేదా అని ఎవరైనా గుర్తు చేయొచ్చు. సూరత్ ఆ లైన్లో మధ్యలో వచ్చే స్టేషన్. మూడు లైన్ల కూడలిని అక్కడితో పోలుస్తారా? సముద్రం కింద తవ్వగలిగిన రైల్వే శాఖకు మూసీ పక్కన తవ్వడం చేతకాదంటే నమ్మాలా?

బయట కట్టి తర్వాత కలుపుదాం అనుకున్నవాళ్ల అనుభవాలు ప్రపంచంలో కావలసినన్ని ఉన్నాయి. తైవాన్ 2007లో హైస్పీడ్ రైలు నడిపింది. తైపేలో ఊరి మధ్యన, తైనాన్ లాంటి చోట్ల పొలాల మధ్యన స్టేషన్లు పెట్టింది. తైనాన్ స్టేషన్‌ను ఊరితో కలిపే మామూలు రైలు లింకు రావడానికి 2011 దాకా ఆగాల్సి వచ్చింది. అక్కడ నాలుగేళ్లు, మన లెక్కలో అదేమంత ఆలస్యం కాదు లెండి. స్పెయిన్‌లో గ్వాదలహార నగరానికని చెప్పి 2003లో యెబెస్ అనే చిన్న ఊరి శివారులో స్టేషన్ తెరిచారు. దాని పక్కనే వాల్దెలూస్ పేరుతో 30 వేల మందికి కొత్త పట్టణం ప్లాన్ చేశారు. 2008లో రియల్ ఎస్టేట్ కుప్పకూలింది, పట్టణం సగంలో ఆగిపోయింది. రైళ్లు ఉన్నాయి, ఎక్కేవాళ్లే తక్కువ. శంషాబాద్, షాద్‌నగర్ వెంచర్ల బ్రోచర్ల మీదికి బుల్లెట్ రైలు బొమ్మ ఎక్కే రోజు ఎంతో దూరంలో లేదు. స్టేషన్ ఎవరి కోసం అన్న ప్రశ్నకు సమాధానం అక్కడ దొరికితే మాత్రం సిగ్గుచేటు.

శంషాబాద్‌లో స్టేషన్ వద్దని మేం అనడం లేదు. ఉండనివ్వండి. విమానం దిగినవారికీ, దక్షిణాన రాబోయే ఫ్యూచర్ సిటీకీ పనికొస్తుంది. కానీ అది మధ్యలో ఒక స్టాప్ కావాలి, గమ్యం కాకూడదు. ఆఖరి స్టేషన్ నగరంలో ఉండాలి. సికింద్రాబాద్‌లో రైలు, ఎంఎంటీఎస్, మెట్రో, సిటీ బస్సు అన్నీ నడక దూరంలో ఉన్నాయి. నాంపల్లి ఎటూ ఎండ్ స్టేషనే, ఎదురుగానే మెట్రో. ఏది మేలో ఇంజనీర్లు తేల్చాలి. ఈ రెండింటినీ కాగితం మీద పెట్టి ఖర్చెంత, సొరంగమెంత, ప్రయాణికులెంత అని శంషాబాద్‌తో పోల్చిన లెక్క జనం ముందు పెట్టండి. అలాంటి లెక్క ఏదీ బయటికి రాకుండా శంషాబాద్ ఎలా ముందుకొచ్చింది?

ఈ ప్రశ్న అడగాల్సినవాళ్లు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు. తెలంగాణ నుంచి బీజేపీకి ఎనిమిది మంది, కాంగ్రెస్‌కు ఎనిమిది మంది ఎంపీలున్నారు. సికింద్రాబాద్ ఎంపీ కిషన్ రెడ్డి కేంద్ర మంత్రివర్గంలోనే ఉన్నారు. కారిడార్లు ప్రకటించిన రోజు క్రెడిట్ మాదంటే మాదని కొట్టుకోవడం తెలిసినవాళ్లకు స్టేషన్ ఎక్కడని ఒక్క ఉత్తరం రాయడం తెలియదా? రాష్ట్ర ప్రభుత్వం సంగతీ అంతే. మెట్రో రెండో దశ మీద కేంద్రాన్ని రోజూ నిలదీసే ముఖ్యమంత్రి, ఆ మెట్రో లేకుండా చేరుకోలేని చోట రైలు ఆగబోతుంటే ఎందుకు నిలదీయరు? డీపీఆర్‌లో నగర స్టేషన్ లేకపోతే దాన్ని వెనక్కి పంపండి. సంతకాలు పెట్టేసి, రేపు శంషాబాద్ శంకుస్థాపన వేదిక ఎక్కి ‘లింకు త్వరలో’ అని మాకు చెప్పడానికి మాత్రం రావద్దు.