టీడీఎస్ మీటర్ నీళ్ల కాఠిన్యాన్ని చెప్పదు
మీటరులో టీడీఎస్ ఎక్కువ చూపిస్తే నీళ్లు హార్డ్, అంటే కాఠిన్యం ఎక్కువున్నవి అని, ఆ కాఠిన్యం తగ్గించే సాఫ్ట్‌నర్ యంత్రం పెడితే ఆ అంకె తగ్గుతుందని మీ వ్యాసంలో రాశారు. ఈ ఒక్క మాట మాత్రం నేను ఒప్పుకోను. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి. కాఠిన్యం అంటే అందులో కాల్షియం, మెగ్నీషియం లెక్క మాత్రమే. సాఫ్ట్‌నర్ వాటిని పట్టుకుని బదులుగా సోడియం వదులుతుంది, కాబట్టి మీటరులో అంకె దాదాపు అలాగే ఉంటుంది. మా ఇంట్లో సాఫ్ట్‌నర్ పెట్టించిన రోజు ముందూ తర్వాతా ఒకే అంకె కనబడితే మోసపోయామనే అనుకున్నాను. తేడా తెలిసింది స్నానాల గదిలో. అంతకుముందు గీజర్ రాడ్ బయటికి తీస్తే కోడిగుడ్డు పెంకు మందాన గార కట్టి ఉండేది, షవర్ రంధ్రాలు సగం పూడిపోయేవి, తలకు రాసిన సబ్బు జిగటగా అంటుకునేది. ఇప్పుడు అవేవీ లేవు. కాఠిన్యం తెలియాలంటే దానికోసమే ఉండే చుక్కల మందు కిట్‌తోనో, ల్యాబ్‌లోనో చూడాలి. కాల్షియం కార్బొనేట్ లెక్కన కాఠిన్యం లీటరుకు 60 మిల్లీగ్రాముల లోపు ఉంటే మెత్తటి నీళ్లు, 180 దాటితే బాగా హార్డ్ అని సాధారణ లెక్క. ఇంకో సంగతి, గార పట్టే నీళ్లన్నీ తాగడానికి పనికిరావని భయపడనక్కర్లేదు. అసలు చూడాల్సినవి సూక్ష్మజీవులు, నైట్రేట్, పాత పైపుల్లోంచి వచ్చే సీసం. మీటరులో తక్కువ అంకె కనబడినంత మాత్రాన అవి లేవని కాదు, దయచేసి వ్యాసంలో ఈ ముక్క కూడా చేర్చండి.