ఎముకల చార్టుకు పదికి తొమ్మిది, ఆటల పీరియడ్‌కు సున్నా

మా అమ్మాయి ఇప్పుడే బడి నుంచి వచ్చింది. ఒక చేతిలో మూడు రాత్రులు కూర్చుని వేసిన చార్టు: ‘కౌమారంలో క్యాల్షియం, ఎముకల ఆరోగ్యం’. రెండో చేతిలో డైరీ. చార్టుకు పదికి తొమ్మిది మార్కులు. డైరీలో ఏముందో తెలుసా? పరీక్షలు అయ్యేదాకా ఆటల పీరియడ్ ఉండదు, ఆ గంటలో లెక్కలు చెబుతారట. రెండింటి కిందా ఒకరి సంతకమే! అది చూస్తూ నిలబడి పొయ్యి మీద పాలు పొంగబెట్టుకున్నాను.

తగ్గిన ఆ ఒక్క మార్కు ఎందుకో కూడా వినండి. అస్థిపంజరం బొమ్మలో ఒక పక్కటెముక తక్కువైందట. పిల్లల ఒంట్లో ఎముకలు ఏమైనా పరవాలేదు, చార్టులో మాత్రం లెక్క సరిపోవాలి.

అసలు ఆ చార్టు చదివారా? పెద్దయ్యాక మన ఎముకల్లో ఉండే ఖనిజంలో దాదాపు 40 శాతం, పిల్లలు గబగబా ఎదిగే ఆ నాలుగేళ్లలోనే చేరుతుందని అందులో ఎర్ర అక్షరాలతో రాసింది నా కూతురు. పరీక్షలయ్యాక గట్టిపడుదువుగానిలే అని ఎముకకు చెప్పి ఒప్పిస్తారా? పైగా ముందు పొడుగు వస్తుంది, బలం కొన్ని నెలలు వెనకబడుతుంది. అందుకే ఈ వయసు పిల్లలకు ముంజేతులు అంత తేలిగ్గా విరుగుతాయి. క్యాల్షియం మింగితే చాలదు, ఎముక మీద బరువు పడాలి, గెంతాలి, పరుగెత్తాలి. పుస్తకాల సంచి మోస్తున్నారు కదా, అదే వ్యాయామం అంటారేమో! అన్నా అంటారు.

ఇంట్లో మేమేదో గొప్పగా చేస్తున్నామని కాదు. ఈ వయసుకు రోజుకు 1300 మిల్లీగ్రాముల క్యాల్షియం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. గ్లాసుడు పాలలో ఉండేది 300 దాకా. ఆ గ్లాసు కూడా బస్సు వచ్చిందని సగంలో వదిలేసి పరుగు. పాలకూర పెడుతున్నాంగా అంటారు మా ఆయన. పేరులో పాలుంటే సరా? అందులో ఉండే ఆక్సలేట్లనే పదార్థాలు క్యాల్షియాన్ని పట్టుకుని ఒంటికి పెద్దగా అందనివ్వవు. రక్తపరీక్షలో క్యాల్షియం బాగానే ఉందిగా, ఈ గోల ఎందుకు అని కూడా ఆయనే అంటారు. రక్తంలో తగ్గితే శరీరం ఎముకలోంచి లాగి సర్దుతుంది మహానుభావా! ముందు గోడకు వెల్ల వేయడానికి వెనక గోడ సున్నం గీకినట్టు.

‘బాగానే ఉందిగా’. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మా అమ్మ కూడా ఇదే అనేది. మా ఇంట్లో పాలగ్లాసు అన్నయ్యది, ఎందుకంటే ఎదిగే పిల్లవాడు. నాకు ఆ గ్లాసు కడిగే పని. ఆడపిల్లలు మగపిల్లల కంటే ముందే ఎదుగుతారన్న సంగతి ఎవరికి పట్టింది? పన్నెండేళ్లకు వాడి కంటే నేనే పొడుగు. అయినా గ్లాసు వాడిదే. ‘నువ్వు బాగానే ఉన్నావుగా’ అనేది అమ్మ.

నిరుడు తడి గచ్చు మీద కాలు జారి చెయ్యి ఆనించాను, అంతే, మణికట్టు విరిగింది. నలభై ఆరేళ్లకు. చిన్నప్పటి పాలగ్లాసు వల్లే విరిగిందని డాక్టరు అనలేదు, నేనంటున్నాను. చూడటానికి వచ్చిన అన్నయ్య మంచం పక్కన కూర్చుని, నాకని తెచ్చిన పాలు తాగుతూ, ‘కాస్త చూసుకుని నడవొచ్చు కదమ్మా’ అన్నాడు.

అన్నయ్యా, ఇది నువ్వు చదువుతావని తెలుసు. లైకు కొట్టి వెళ్లిపోకు. అమ్మకు చదివి వినిపించు.