జస్ట్ ఒక్క సంతకమే కదా సార్!

మనిషి విలువ పోయాకే తెలుస్తుందని పెద్దలు అంటుంటారు. పాపం వాళ్లకు గవర్నమెంటు ఉద్యోగాలు లేవు కాబట్టి అలా అనుకున్నారు. ఉద్యోగం ఉన్నవాడికి తన విలువ బతికుండగానే తెలుస్తుంది, అదీ పక్క సీటాయన చిట్టీ పాడిన మర్నాడు పొద్దున్నే. ఆ రోజు స్టాఫ్‌రూమ్‌లో మీరు అడక్కుండానే మీకు టీ వస్తుంది. మీ అబ్బాయి ఇంటర్ మార్కులు అడుగుతారు, మీ మోకాలి నొప్పి ఏ కాలికో కూడా గుర్తుపెట్టుకుని మరీ వాకబు చేస్తారు, హెడ్మాస్టారు మీకు చేస్తున్న అన్యాయం గురించి మీకంటే ఎక్కువ బాధపడతారు. ఇదంతా అయ్యాక, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు, "అన్నట్టు సార్, చిన్న హెల్ప్. శాలరీ సర్టిఫికెట్ ఒకటి, ఆధార్, పాన్ జిరాక్సులు. జస్ట్ ఫార్మాలిటీ. ఒక్క సంతకమే కదా!"

ఈ ఒక్క సంతకం మీదే మన సమాజం నిలబడి ఉందనీ, దానికి తగిన గౌరవం మాత్రం దక్కడం లేదనీ నా ఆవేదన.

చిట్టీ అంటే తెలియనివాళ్లు ఎవరైనా ఉంటే (ఉంటే మీ జాతకం బాగున్నట్టే) క్లుప్తంగా చెప్తాను. 5 లక్షల చిట్టీ, 50 మంది, నెలకు 10,000 చొప్పున 50 నెలలు. నెలనెలా పోగైన ఆ 5 లక్షలకీ పాట పెడతారు. తొందర ఉన్నవాడు పాటలో తగ్గించుకుని, మూడున్నర లక్షలకు అనుకోండి, ఎత్తుకుంటాడు. అయిదో నెలలోనే ఎత్తేశాడంటే ఇంకా 45 వాయిదాలు కట్టాలి. కట్టకపోతే? ఆ "కట్టకపోతే" అన్న ఒక్క అనుమానానికి జవాబుగా దేవుడు మిమ్మల్ని షూరిటీగా, అంటే ఆయన కట్టకపోతే నేను కడతానని పూచీ పడేవాడిగా, పుట్టించాడు. ఈ పాటకు కంపెనీ తీసుకునే ఫోర్‌మన్ కమిషన్ 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టంలో 5 శాతం దాకా ఉండేది, 2019 సవరణతో 7 శాతం దాకా పెరిగింది. అంటే మన 5 లక్షల చిట్టీలో పాటకు 35,000 దాకా. షూరిటీ పెట్టినవాడి కమిషన్ గురించి చట్టం ఏమీ చెప్పలేదు గానీ ఆచారం చెప్పింది: ఒక టీ, ఒక ప్లేటు పునుగులు. ఆ రేటు మాత్రం ఏ సవరణలోనూ పెరగలేదు.

షూరిటీల లోకంలో అందరూ సమానం కాదు. నెలకు రెండు లక్షలు తెచ్చుకునే సాఫ్ట్‌వేర్ కుర్రాడు వస్తే బ్రాంచి మేనేజరు కుర్చీ చూపించి, మంచినీళ్లిచ్చి, "మీ బంధువుల్లో గవర్నమెంటు వాళ్లెవరైనా ఉన్నారా సార్?" అని మర్యాదగా అడుగుతాడు. అదే మండల పరిషత్ స్కూలు టీచరు స్కూటరు స్టాండు వేస్తుండగానే లోపల ఫారాలు సిద్ధమైపోతాయి. కారణం చాలా సులువు. ఆయన జీతం ట్రెజరీ నుంచి వస్తుంది, రాత్రికి రాత్రి మెయిల్ వచ్చి ఉద్యోగం పోదు, కోర్టు ఉత్తర్వు పంపితే జీతం కోసి ఇచ్చే డీడీవో (జీతాల బిల్లు పెట్టే ఆఫీసరు) ఎక్కడ కూర్చుంటాడో అందరికీ తెలుసు. పెళ్లి సంబంధం చూసేటప్పుడు అడిగే ప్రశ్నలనే ఇక్కడా అడుగుతారు, గమనించారో లేదో: పర్మినెంటా? చేతికి ఎంతొస్తుంది? సర్వీసు ఇంకా ఎన్నేళ్లుంది? ఇంతకుముందు ఎక్కడైనా కమిట్ అయ్యారా? ఎటొచ్చీ పెళ్లికి కనీసం జాతకాలు చూస్తారు.

కానీ ఇదంతా పైపై లెక్క. బ్యాంకులు తాకట్టు పెట్టుకునేది బంగారం, ఇల్లు, పొలం. చిట్టీ కంపెనీలు తాకట్టు పెట్టుకునేది మన మొహమాటాన్ని. దానికి రిజిస్ట్రేషన్ ఖర్చు లేదు, ఆస్తి మీద వేరే తాకట్టు ఉందో లేదో చెప్పే ఈసీ తీయించక్కర్లేదు, మార్కెట్ ఎంత పడిపోయినా దాని ధర తగ్గదు. మొహమాటానికి పోతే ఏదో అయిందని మనకో సామెత ఉంది, ఆ ఏదో ఏమిటో ఇక్కడ రాయడానికి నాకూ మొహమాటంగానే ఉంది.

సంతకం పెట్టే విధానం కూడా చూడండి. కాగితాల కట్టలో పెన్సిల్‌తో ఇంటూ మార్కు పెట్టిన చోటల్లా పెట్టుకుంటూ పోవాలి. ఆపి చదివితే అది అవమానం, మీకు కాదు, ఎదుటివాడికి. "ఏంటి సార్, మా మీద నమ్మకం లేదా?" అని ఆయన అనక్కర్లేదు, ఆ నవ్వులోనే ఉంటుంది. శుభలేఖలో తన పేరు ఎన్నో వరసలో వేశారో కళ్లజోడు తుడుచుకుని మరీ వెతికే మనిషి, ఈ ఒప్పందంలో తన పేరు ఏ పేజీలో ఉందో చూడడు. చూస్తే అక్కడ కనిపించేది 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 128వ సెక్షన్. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అసలు బాకీదారు బాధ్యత ఎంతో షూరిటీ బాధ్యతా అంతే. సగం కాదు, పావు కాదు, అంతా. "ముందు ఆయన్ని పట్టుకోండి సార్, ఆయన దగ్గర లేకపోతే అప్పుడు నా దగ్గరికి రండి" అని చెప్పుకోవడానికీ లేదు. 1969లో బ్యాంక్ ఆఫ్ బిహార్ కేసులో సుప్రీంకోర్టు ఆ ముచ్చటా తీర్చేసింది, షూరిటీ మీదికి నేరుగా వెళ్లొచ్చు, బాకీదారు దగ్గర అన్ని దారులూ అయిపోయేదాకా ఆగాల్సిన పనిలేదు. మన దేశంలో స్నేహం గురించి ఇంత స్పష్టంగా రాసిన వాక్యం ఏ కవిత్వంలోనూ నాకు కనపడలేదు.

ఈ తేడా మన దేవుళ్లకు తెలుసు. శ్రీనివాసుడు పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పు చేసినప్పుడు బ్రహ్మా శివుడూ పత్రం మీద సాక్షులుగా ఉన్నారని కథ. జాగ్రత్తగా గమనించండి: సాక్షులు. పక్కనే నిలబడ్డారు, ఆశీర్వదించారు, పెళ్లిభోజనం చేసి వెళ్లారు. వడ్డీ ఇప్పటికీ ఆ వడ్డికాసులవాడే కట్టుకుంటున్నాడు, కైలాసానికి నోటీసు వెళ్లినట్టు ఏ పురాణంలోనూ లేదు. ఇక హరిశ్చంద్రుడి సంగతి. ఆయనకు షూరిటీ దొరకలేదు కాబట్టే కాశీ దాకా వెళ్లి భార్యనీ కొడుకునీ అమ్ముకోవాల్సి వచ్చింది. అయోధ్యలో ఒక్క జడ్పీ హైస్కూలు టీచరు ఫ్రెండుగా ఉండుంటే కథ అంత దూరం పోయేదే కాదు, నక్షత్రకుడు నేరుగా ఆ టీచరు ఇంటి ముందే కూర్చునేవాడు.

ఆడవాళ్ల విషయంలో మన సంస్కృతి ఒక్క మేలు చేసింది, బహుశా పొరపాటున. లేడీ టీచర్ని అడిగి చూడండి, నవ్వుతూ "మా వారిని అడిగి చెప్తానండీ" అంటుంది. ఆ వారు ఇంక ఈ జన్మలో ఒప్పుకోడు. చాలా ఇళ్లలో తనని ఇలా ఒకటి అడిగినట్టు ఆయనకు తెలియను కూడా తెలియదు, ఊళ్లో మాత్రం మహా మొండివాడని పేరొచ్చేస్తుంది. ఇదే మాట మగ మాస్టారు అనగలడా? "మా ఆవిడని అడిగి చెప్తాను" అన్నాడంటే ఆయన రిటైరయ్యేదాకా స్టాఫ్‌రూమ్ నవ్వుకుంటుంది. ఆ నవ్వు తప్పించుకోవడానికి ఆయన మిగిలిన 45 వాయిదాల నాలుగున్నర లక్షలకి సంతకం పెట్టేస్తాడు. మగతనం ఖరీదు రూపాయల్లో ఎంతో లెక్కకట్టాలనుకునేవాళ్లు ఇక్కణ్నుంచి మొదలుపెట్టొచ్చు. కిలో టమాటాలు తేవాలా, అరకిలో తేవాలా అని బజార్లో నిలబడి ఇంటికి ఫోన్ చేసే మనిషి, ఇల్లు మునిగే కాగితం గురించి మాత్రం ఇంట్లో చెప్పడు. ఆవిడకు తెలిసేది రిజిస్టర్డ్ పోస్టు వచ్చినప్పుడు, అదీ పోస్ట్‌మన్ ఎదురుగా.

చుట్టాల దగ్గర ఈ తతంగమంతా ఉండదు. చుట్టం అడగడు, చెప్తాడు. "బావా, రేపు పదిన్నరకి పే స్లిప్పు పట్టుకుని వచ్చెయ్, నేను అక్కకి చెప్పాన్లే!" అంతే. అమెరికా చదువులకు అప్పు తీసుకునే మేనల్లుడైతే ఆ మాత్రం కూడా చెప్పడు, మీ పేరు ఫారంలో రాసేసి ఆనక మీకు వాట్సాప్‌లో ఫోటో పెడతాడు. కొన్నేళ్లకు మీరు ఇంటి లోనుకి బ్యాంకుకెళ్తే మీ సిబిల్ రిపోర్టులో వాడి అప్పు దర్జాగా కూర్చుని ఉంటుంది.

ఇక పాట ఎత్తినాయన కట్టడం మానేశాక జరిగేది చూస్తే మన నాగరికత ఎంత ఎత్తులో ఉందో అర్థమవుతుంది. డబ్బు కట్టమని కోర్టు ఇచ్చిన డిక్రీకి జీతం జప్తు చేయాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్‌లో ఒక లెక్క ఉంది: మొదటి 1,000 రూపాయలూ, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులూ ముట్టుకోకూడదు. లెక్కలోకి వచ్చే జీతం 61,000 అనుకుంటే 41,000 మీది, 20,000 మీ స్నేహానిది. ఒకే డిక్రీ మీద మొత్తం 24 నెలలు దాటి కోయకూడదని కూడా ఉంది. అంటే స్నేహానికి గరిష్ఠ కాలపరిమితి రెండేళ్లని మన పార్లమెంటు తేల్చింది, ఎంత దయ! అప్పు మీరు తీర్చేస్తే ఆ తర్వాత కంపెనీకి ఆయన మీద ఉన్న హక్కులన్నీ ఆ కాంట్రాక్టు చట్టంలోని 140వ సెక్షన్ ప్రకారం మీకు వస్తాయి. హక్కులు వస్తాయి గానీ రికవరీ కుర్రాళ్లు రారు. మీరే వెళ్లి అడగాలి. ఎలా అడుగుతారు? ఆయన మొన్నటిదాకా మీ పక్క సీటు, వాళ్లావిడ మీ ఇంటికి నోములకి వస్తుంది, పిల్లలది ఒకే స్కూలు బస్సు. ఫోన్ చేస్తే రింగవుతుంది, ఎత్తరు. ఆరోగ్యం బాలేదేమోనని మీరే సర్దుకుంటారు.

సరిగ్గా అప్పుడే ఆయన కూతురి ఓణీల ఫంక్షన్ వస్తుంది. ఏసీ హాలు, డ్రోన్ కెమెరా, రెండు రకాల బిర్యానీ, లైవ్ దోసె కౌంటరు. మీకూ కార్డు వస్తుంది, దంపతులిద్దరూ వచ్చి బొట్టు పెట్టి మరీ పిలుస్తారు. మీ జీతంలోంచి నెలకు 20,000 ఆయన పేరు మీద పోతోంది. మీరు వెళ్తారు. వెళ్లకపోతే నలుగురూ ఏమనుకుంటారు, డబ్బు మనసులో పెట్టుకున్నాడనుకోరూ? వెళ్లి, అక్షింతలు వేసి, కవరులో 1,116 పెట్టి, మీ పేరు స్పష్టంగా రాసి చేతికిస్తారు. ఆయన మీ భుజం మీద చెయ్యి వేసి "భోంచేసి వెళ్లాలి సార్, మొహమాటపడకండి" అంటాడు. ఆ ముక్క అన్నందుకు ఆయన మీద ఏ సెక్షన్ కింద కేసు పెట్టొచ్చో నేను చాలా వెతికాను.

అందుకని ప్రభుత్వాలకు కొన్ని సూచనలు. సర్వీసు రిజిస్టర్‌లో పుట్టుమచ్చల వివరాల పక్కనే షూరిటీల వివరాలకూ ఒక గడి పెట్టాలి. కొత్తగా డీఎస్సీలో టీచర్లుగా ఎంపికైన పిల్లలకు ట్రైనింగులో మొదటి క్లాసు "లేదు" అనడం మీద ఉండాలి, ప్రాక్టికల్స్‌తో సహా. జీతాలు సవరించే పీఆర్‌సీ ప్రకటించేటప్పుడు ఆ జీవో కాపీ ముందు చిట్టీ ఏజెంట్లకు పంపించేస్తే సరిపోతుంది, ఎలాగూ మన జీతం ఎంత పెరిగిందో మనకంటే ముందు వాళ్లే చెప్తున్నారు. అన్నిటికంటే ముఖ్యం, బాగా ముదిరిన కేసు, "నువ్వు నాకు, నేను నీకు" పద్ధతి: రామారావుకు సుబ్బారావు, సుబ్బారావుకు వెంకట్రావు, వెంకట్రావుకు మళ్లీ రామారావు. ఇలాంటి స్కూళ్లను ప్రత్యేక మండలాలుగా ప్రకటించాలి. అక్కడ ఒకాయన జారితే అందరి జీతాలూ జారతాయి కాబట్టి, అంతటి ఐకమత్యం వేరే ఏ డిపార్ట్‌మెంటులోనూ కనిపించదు. బదిలీలొచ్చి తలో మండలానికీ పోయినా ఆ బంధం తెగదు, ట్రెజరీ తెగనివ్వదు.

రిటైర్మెంటు దగ్గరపడిన వాళ్ల గురించి కూడా ఆలోచించాలి. సర్వీసు రెండు మూడేళ్లలోకి రాగానే కంపెనీ "వేరే ఎవరైనా ఉన్నారా?" అంటుంది. టీలు ఆగిపోతాయి. మోకాలి నొప్పి గురించి ఎవరూ అడగరు, నిజంగా నొప్పి మొదలయ్యేది అప్పుడే. ఆ వయసులో మనిషికి తన మీద తనకే నమ్మకం పోతుంది, పాపం. వాళ్లకోసం ఉత్తుత్తి ఫారాల మీద అయినా నెలకో సంతకం పెట్టించుకోవాలని మనవి.

ప్రతి ఆఫీసులోనూ ఒకడుంటాడు, సంతకం పెట్టనివాడు. మొహం మీదే చెప్పేస్తాడు: "షూరిటీ పెట్టనండీ. కావాలంటే నా దగ్గర పదివేలున్నాయి, తీసుకోండి. మళ్లీ ఇవ్వకపోయినా పర్లేదు." ఆ పదివేలు తీసుకున్నవాళ్లు చాలామందే ఉంటారు, ఇచ్చినవాళ్లు తక్కువ. ఆయనకు టీ ఎవరూ ఇప్పించరు, ఆయన మోకాళ్ల సంగతి ఎవరికీ తెలియదు. మనిషి కలవడని, పొగరని, పిసినారని స్కూలంతా అనుకుంటుంది. ఆ మాట అందరికంటే గట్టిగా అనేది, నెలనెలా జీతంలో కోత పడుతున్న ఆ రామారావు, సుబ్బారావు, వెంకట్రావులే.