లైబ్రరీలో కొత్త కరణం

"కంప్యూటర్ అనగానేమి?" అని పరీక్షలో అడిగితే "సమాచారాన్ని స్వీకరించి ఫలితాన్నిచ్చు ఎలక్ట్రానిక్ యంత్రము" అని రాసి రెండు మార్కులు కొట్టేసిన తరం మాది. ఇన్నేళ్లు దగ్గరుండి చూశాక ఆ జవాబు దిద్దుకోక తప్పడం లేదు. కంప్యూటర్ అంటే ఊరి పొలాల లెక్కలు రాసే కరణం.

నోటికొచ్చినట్టు అంటున్న మాట కాదిది. ఇంగ్లీషులో ఆ పేరు మొదట యంత్రానిది కాదు, కూర్చుని లెక్కలు కట్టే మనిషిది. మనవాళ్లు గణకుడన్నదీ అలాంటివాణ్ణే. తర్వాత మనిషి పోయాడు, కుర్చీలోకి పెట్టె వచ్చింది. దేశంలో మొదటి కంప్యూటర్ 1955లో కలకత్తాలోని భారత గణాంక సంస్థలో దిగింది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం మన రాష్ట్రంలో కరణాల పదవులు ఊడబీకింది. ఊళ్లోంచి కదిలిన కరణం ఎటుపోయాడన్నది ఏ పరిశోధకుడికీ పట్టలేదు. యూనివర్సిటీ లైబ్రరీలో, మొదటి అంతస్తులో, ఏసీ గదిలో ఉన్నాడు.

తొలిరోజుల్లో ఆయన దర్శనానికి చెప్పులు బయట విడిచి వెళ్లేవాళ్లం. చల్లగాలి ఆయన కోసమే వేసేవారు, దగ్గర నిలబడితే మనకూ కాస్త తగిలేది. సాయంత్రం పూలగుడ్డ కప్పి పడుకోబెట్టేవారు. దసరాకి కుంకుమబొట్టు. లెక్కలు కట్టేది బల్లకింద పెట్టె అయితే బొట్టు పైనున్న తెరకెందుకండీ అని ఒక తెలివైన కుర్రాడు అడిగితే, "దేవుడికైనా మొహానికే పెడతాం నాయనా" అన్నారు పెద్దాయన. ఆ వాదనకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

ఇప్పుడు చెప్పులతోనే వెళ్లొచ్చు. కాకపోతే కంప్యూటర్ ముందు కూర్చోవాలంటే ముందు రిజిస్టర్లో రాయాలి. పేరు, రోల్ నంబరు, వచ్చిన టైము, వెళ్లిన టైము, వచ్చిన పని. చివరి గడిలో పొద్దున్నే వచ్చిన మొదటివాడు "రిఫరెన్స్" అని రాస్తాడు. తర్వాతివాళ్లంతా దానికింద రెండేసి చిన్న గీతలు గీస్తారు. హాల్‌టికెట్ దించుకునేవాడు, సంక్రాంతికి రైలు టికెట్ పట్టేవాడు, స్కోరు చూసేవాడు, పెళ్లిసంబంధం ఫోటో ప్రింటు తీసుకునేవాడు, అందరూ రిఫరెన్సే. మన యూనివర్సిటీల్లో పరిశోధన అడుగంటిందని దిగులుపడే పెద్దలు ఒకసారి ఆ రిజిస్టర్ తిరగేయాలి.

నేను మాత్రం నిజంగానే రిఫరెన్సుకి వెళ్లాను. గ్రామ కరణాల లెక్కల మీద ఒక పాత పుస్తకం కావాలి. కంప్యూటర్లకి అన్ని భాషల అక్షరాలూ నేర్పే యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచే చోటుంది. కానీ కేటలాగు ఎక్కించిన మహానుభావులు ప్రతి తెలుగు పేరునీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కూర్చారు. దీర్ఘాలు గాలికి పోయాయి. పైగా కొట్టిన అక్షరాలు మాట మధ్యలో ఎక్కడున్నా పట్టుకొచ్చే రకం అది. "కరణం" అని కొట్టాను. కారణం వచ్చింది. వ్యాకరణం వచ్చింది, అదీ ఒకటి కాదు, పదకొండు. అనుకరణం, నిరాకరణం, ఆధునికీకరణం, చివర్లో బ్యాంకుల జాతీయీకరణం. నలభై నిమిషాల్లో తెలుగు భాషలో కరణం దూరని చోటు లేదని రూఢి అయింది. పాఠకుడి సమయం ఆదా చేయాలన్నది గ్రంథాలయ శాస్త్రానికి రంగనాథన్ గారు 1931లో అచ్చువేసిన అయిదు సూత్రాల్లో నాలుగోది. ఆయన ఫోటో ఎదురుగోడ మీదే ఉంది. దండ కూడా ఉంది.

అరవై రెండో వరుసలో నా పుస్తకం దొరికింది. పక్కన ఆకుపచ్చ రంగులో "అందుబాటులో ఉంది". నంబరు కాయితమ్మీద రాసుకుని ర్యాకు దగ్గరికి పరిగెత్తాను. అటు పుస్తకం ఉంది, ఇటు పుస్తకం ఉంది, మధ్యలో నాలుగు వేళ్లు పట్టేంత సందు ఉంది.

"ఇక్కడ లేదు బాబూ" అన్నాను అటెండర్‌తో.

"కంప్యూటర్లో ఉందా సార్?"

"ఉంది."

"అయితే ఉన్నట్టే."

నా మొహం చూసి జాలిపడ్డాడో ఏమో, పుస్తకం పేరు కూడా వినకుండా "లావుదా, సన్నందా? నీలం బైండా?" అని అడిగాడు. జిరాక్సు మిషను వెనకున్న బీరువా తీశాడు. పైఅరలోంచి చెదలు ఒక మూల రుచి చూసి వదిలేసిన కాపీ ఒకటి లాగి, లుంగీ మడత దులిపినట్టు దులిపి నా చేతిలో పెట్టాడు. రెండు నిమిషాలు పట్టలేదు. అతనిది ఇంకా పర్మినెంటు కాలేదట.

కౌంటర్లో మేడమ్ అట్ట తిప్పింది, లోపలి పేజీ తిప్పింది, మళ్లీ అట్ట తిప్పింది. "బార్‌కోడ్ లేదండీ. ఈ కాపీ కంప్యూటర్లో ఎక్కలేదు."

"చేతిలో ఉంది కదమ్మా."

"చేతిలో ఉంటే సరిపోదు కదండీ. లేని పుస్తకం ఇచ్చానని రేపు ఆడిట్‌లో రాస్తే నేనేం చెప్పుకోను?"

"మరి ఆ ఉన్న పుస్తకం ఇప్పించండి."

"అది ర్యాకులో లేదన్నారు కదా మీరే."

రికార్డులో ఉన్న పొలం భూమ్మీద లేకపోవడం, భూమ్మీద ఉన్న పొలం రికార్డుకెక్కకపోవడం మా తాత అనుభవించి పోయాడు. ఆయన కోర్టుల చుట్టూ తిరిగాడు. నాకంత ఓపిక లేదు, ఊరికే నిలబడ్డాను. మేడమ్ మనసు కరిగింది. పుస్తకం నావైపు తోసి, గొంతు తగ్గించి అంది:

"కిటికీ పక్కన కూర్చుని ఎన్నాళ్లైనా చదువుకోండి సార్. లేని పుస్తకానికి ఫైను పడదు."