నచ్చలేదనే మాటకూ చోటుండాలి

ఒకే ఆట చూసిన ఇద్దరు మిత్రులు హాలు మెట్లు దిగుతూనే రెండు తీర్పులు చెప్పడం తెలుగునాట ఎప్పటినుంచో ఉన్నదే. ఫస్టాఫ్ బాగుందని ఒకరు, సెకండాఫే సినిమాను నిలబెట్టిందని మరొకరు టీకొట్టు దగ్గర గంటసేపు వాదించుకుంటే ఎవరికీ నష్టం లేదు. చూసిన సినిమా ఆ మాటల్లో మరోసారి కళ్లముందు కదులుతుంది. కొన్నేళ్లుగా ఈ వాదనల్లో సినిమా తగ్గి లెక్కలు పెరిగాయి. తొలిరోజు నైజాంలో (తెలంగాణ ప్రాంతంలో) షేర్, అంటే పంపిణీదారుల వాటా, ఎంత, సీడెడ్‌లో (రాయలసీమలో) ఎవరి రికార్డు పోయింది, ఓవర్సీస్‌లో ఎన్ని మిలియన్లు వచ్చాయన్నవి నిర్మాతలు, పంపిణీదారులు చూసుకోవలసిన విషయాలు. టికెట్ కొని చూసిన ప్రేక్షకుడికి ఆ వసూళ్లలో పైసా వాటా రాదు. అయినా తమకేమనిపించిందో చెప్పవలసిన చోట అభిమానులు ఆ అంకెలనే వల్లిస్తూ, ఎదుటివారి నోరు మూయించడానికి వాటినే వాడుతుండటం మాకు విచారం కలిగిస్తోంది.

వసూళ్లే తుది తీర్పయితే 2010 అక్టోబరులో వచ్చిన ‘ఖలేజా’, ఆ తరువాతి నెలలో వచ్చిన ‘ఆరెంజ్’ ఈపాటికి ఎవరికీ గుర్తుండకూడదు. రెండూ అప్పట్లో పరాజయాల జాబితాలో చేరినవే. కానీ ఖలేజాను టీవీలో పదేపదే చూసినవారు అందులోని సంభాషణలను కంఠతా పట్టారు. ఆరెంజ్ పాటలు సినిమా పోయినా నిలిచాయి. 2023లో ఆరెంజ్, 2025లో ఖలేజా తిరిగి థియేటర్లకు వచ్చినప్పుడు, మొదటి విడుదలనాటికి బడికి వెళ్లే వయసులో ఉన్నవారు సైతం హాళ్లకు వచ్చి పాటలను గొంతెత్తి పాడారు. తెరమీది కథ మాత్రం అప్పటిదే. జీవితకాలమంతా ప్రేమ ఒకేలా నిలవదని వాదించే ఆరెంజ్ కథానాయకుడు ఆనాటి ప్రేక్షకులకు ఎందుకు మింగుడుపడలేదు, ఈనాటి యువతకు ఎందుకు దగ్గరయ్యాడు అన్నది అభిమానులు రాత్రంతా కూర్చుని చర్చించదగిన ప్రశ్న. ఏ వసూళ్ల పట్టికా దానికి జవాబు చెప్పలేదు.

ప్రేక్షకుడి మాటకున్న బలం తెలియాలంటే 1980 నాటి ‘శంకరాభరణం’ చాలు. అందులో పేరున్న హీరో లేడు; శంకరశాస్త్రి పాత్ర వేసిన జె.వి. సోమయాజులు రంగస్థల నటుడు, వృత్తిరీత్యా డిప్యూటీ కలెక్టరు. మొదటి రోజుల్లో పలచగా ఉన్న హాళ్లను నింపింది, చూసినవారు చూడనివారికి చెప్పిన మాటే.

ఆ మాటకు విలువ వచ్చేది కారణం తోడైనప్పుడే. 1957 నాటి ‘మాయాబజార్’ గొప్పదని అనని తెలుగువారు అరుదు. ఎందుకు గొప్పదని అడిగితే మాత్రం చాలామంది పాటల పేర్లు చెప్పి ఆగిపోతారు. మాయాశశిరేఖగా సావిత్రి నడక చూడండి. నగలు, చీర, ముఖం అన్నీ శశిరేఖవే. కానీ ఎవరూ చూడటం లేదనుకున్న క్షణంలో ఆ అడుగు బరువెక్కుతుంది, భుజం విరుచుకుంటుంది, ఎస్వీ రంగారావు ఘటోత్కచుడు ఆ లేత శరీరంలోంచి తొంగిచూస్తాడు. పాండవులు ఒక్కరైనా తెరమీదికి రాని భారతకథను చివరిదాకా ఆసక్తిగా నడిపిన నేర్పు మరొకటి. ఇంత చెప్పాక కూడా, నిడివి ఎక్కువైందనీ కథనం మందకొడిగా అనిపించిందనీ నేటి యువకుడెవరైనా అంటే, అది మర్యాదగా వినవలసిన అభిప్రాయమే. ఏ సన్నివేశం దగ్గర అలా అనిపించిందో అడిగితే మంచి సంభాషణ మొదలవుతుంది. అభిరుచి లేదని ఎగతాళి చేస్తే అతడు మరో పాత సినిమా జోలికి రాడు.

మన దగ్గర అన్నిటికంటే కష్టమైన పని, సొంత హీరో సినిమా నచ్చలేదని పదిమందిలో చెప్పడం. చెప్పినవాణ్ణి ద్రోహిగా చూస్తారు. ఎదుటి హీరో మనిషని ముద్ర వేస్తారు. ఇంటిపేరు ఆరా తీసి కులం అంటగడతారు. ఈ చివరిది ఎంతమాత్రం సహించరానిది. హీరోల గొప్పల మీద పెరిగిన మాట ఎక్కడిదాకా పోగలదో 2016 ఆగస్టులో కర్ణాటకలోని కోలారులో చూశాం. ఎవరి హీరో ఎక్కువన్న వాగ్వాదంలో తిరుపతి యువకుడొకరు కత్తిపోట్లకు బలయ్యాడు. ఆ తరువాత కూడా ఈ దూషణల భాష చల్లబడకపోవడం మనందరం తలవంచుకోవలసిన సంగతి.

నిర్మాతల బాధలోనూ న్యాయముంది. మార్నింగ్ షో ఇంటర్వెల్ అయినా రాకముందే డిజాస్టర్ అని ప్రచారం చేసేవారిది అభిప్రాయం కాదు, కక్ష. వందలమంది కష్టం దానివల్ల దెబ్బతింటుంది. అలాగని సమీక్షల గొంతు నొక్కడం పరిష్కారం కాదు. తొలి మూడు రోజులు సమీక్షలు రాకుండా చూడాలని తమిళ నిర్మాతలు 2024 డిసెంబరులో కోరినప్పుడు మద్రాసు హైకోర్టు మధ్యంతర నిషేధానికి నిరాకరించింది. అదే సరైన దారి. చూడకుండా దుమ్మెత్తిపోసేవారిని చట్టప్రకారం ఎదుర్కోవచ్చు. చూసి బాగాలేదన్నవారిని ఆపే హక్కు ఎవరికీ లేదు. విడుదలైన రోజున ‘బ్లాక్‌బస్టర్’ అన్న పోస్టరు వేసుకోవడానికి లేని అడ్డు, నచ్చలేదన్న మాటకు మాత్రం ఎందుకుండాలి?

ఈ ధోరణిని మార్చగల శక్తి అందరికంటే ఎక్కువగా హీరోల చేతిలో ఉంది. వారి ఒక్క మాటకు అభిమాన సంఘాలు రక్తదాన శిబిరాలు పెడుతున్నాయి, వరదలొస్తే విరాళాలు సేకరిస్తున్నాయి. ఆ మాటనే ఇక్కడా వాడాలి. ప్రీరిలీజ్ వేడుకలో వేలమంది ముందు మైకు పట్టుకున్నప్పుడు రికార్డుల ప్రస్తావన కాసేపు పక్కనపెట్టి, తమ సినిమా నచ్చకపోతే ఆ సంగతి ధైర్యంగా చెప్పమని, అలా చెప్పినవారిని ఒక్క మాట కూడా అనవద్దని వారు అభిమానులను కోరాలి. రాబోయే విడుదలతోనే ఆ పని మొదలుకావాలని కోరుతున్నాం.