ముఖం చూపని విలన్

(కర్నూలులో కొండారెడ్డి బురుజుకు దగ్గరలో ఒక చిన్న హోటలు. బల్లమీద రెండు ప్లేట్ల ఉగ్గాని, బజ్జీలు, పక్కన ఒక స్క్రిప్టు. మామ ఒకప్పుడు సినిమా హాలులో ప్రొజెక్టర్ ఆపరేటరు. అల్లుడు గూఢచారి కథతో లఘుచిత్రం తీయబోతున్నాడు.)

అల్లుడు: మామా, నా విలన్ తన బాల్యం గురించి మూడు పేజీలు మాట్లాడతాడని మీరు నవ్వుతున్నారు గానీ, వాడు అలా ఎందుకు తయారయ్యాడో తెలియకపోతే ప్రేక్షకుడి మనసులో నిలవడు.

మామ: మా హాలులో మార్నింగ్ షోకు పాత ఇంగ్లీషు సినిమాలు వేసేవాళ్లం, వచ్చినవారిలో సగం మందికి ఆ భాష ఒక్క ముక్క కూడా అర్థమయ్యేది కాదు. అయినా 1963 నాటి జేమ్స్ బాండ్ సినిమా 'ఫ్రమ్ రష్యా విత్ లవ్' ఆడిన రోజు, తెల్లపిల్లిని నిమిరే చేతులు తప్ప ముఖం కనిపించని ఆ విలన్ బ్లోఫెల్డ్ తెరమీదికి రాగానే, క్యాబిన్ కిటికీలోంచి చూస్తున్న నాకు, కింద శనక్కాయలు ఒలిచే చప్పుడు కూడా ఆగిపోయినట్టు తెలిసింది. వాడి బాల్యం ఎవరడిగారు?

అల్లుడు: 1967లో 'యు ఓన్లీ లివ్ ట్వైస్'లో ఆ ముఖం చూపించారు కదా! డొనాల్డ్ ప్లెజెన్స్ బోడిగుండునూ, కంటిమీది గాటునూ ఇవాళ్టికీ అందరూ అనుకరిస్తారు.

మామ: అనుకరించి నవ్వుతారు.

అల్లుడు: సరే, 2006 నాటి బాండ్ సినిమా 'క్యాసినో రాయల్' చూడండి. మాడ్స్ మికెల్సన్ వేసిన లె షిఫ్ర్ ఉగ్రవాదుల సొమ్ము షేర్లలో పోగొట్టుకొని, వాళ్లు తనను చంపేలోపు దాన్ని తిరిగి రాబట్టాలని పేకాట బల్ల దగ్గర కూర్చుంటాడు. కంటినుంచి రక్తం చెమ్మగిల్లుతుంది, ఊపిరి కోసం ఇన్‌హేలర్ పీలుస్తాడు. ప్రాణం మీదికి వచ్చినవాడి తెగింపు, నిబ్బరంగా పిల్లిని నిమిరేవాడికి ఎక్కడినుంచి వస్తుంది?

మామ: వాడిమీద నీకు జాలి కలగలేదా?

అల్లుడు: కలిగింది. బాండును కుర్చీకి కట్టి కొట్టే ఘట్టంలో ఆ జాలి వల్లే ఎక్కువ వణికాను, ఎందుకంటే అంత భయపడుతున్న మనిషి ఎక్కడ ఆగుతాడో తెలియదు.

మామ: అది ఒప్పుకుంటాను. అయితే వాడు తన అప్పు గురించి మూడు పేజీల ఉపన్యాసం ఇచ్చాడా? డబ్బు పోవడం మనం కళ్లారా చూశాం, అంతే. ఆ 1963 సినిమాలోనే రాబర్ట్ షా వేసిన హంతకుడు గ్రాంట్ చాలాసేపటి దాకా నోరే విప్పడు. తీరా రైలులో బాండును తోటి గూఢచారిలా పలకరించి, మర్యాదగా భోజనానికి కూర్చుని, చేపతో ఎర్ర వైను తెప్పించుకుంటాడు. ఫ్యాక్షన్ సినిమాలవాళ్లు సీమ పేరు చెప్పి ఎంతమంది చేత తొడలు కొట్టించారో లెక్కలేదు గానీ, ఇక్కడ పుట్టినవాళ్లకు, అరిచేవాడికన్నా 'అన్నం తినిపో' అని కూర్చోబెట్టేవాడిని చూస్తేనే గుండె జారుతుంది.

అల్లుడు: మర్యాద భయపెడుతుందంటే కాదనను. కానీ నోరు మూయిస్తే చాలదు మామా, 'గోల్డ్‌ఫింగర్'లో లేజరు బల్లమీద కట్టేసిన బాండు, నన్ను మాట్లాడించాలనుకుంటున్నావా అని అడిగితే, నువ్వు చావాలనుకుంటున్నానని ఆ విలన్ చెప్పే మాట లేకపోతే ఆ ఘట్టమే లేదు.

మామ: ఆ మాట ఎవరిదో తెలుసా? తెరమీద గెర్ట్ ఫ్రోబె, గొంతు మైఖేల్ కాలిన్స్‌ది. ఫ్రోబెకు ఇంగ్లీషు సరిగా రాక డబ్బింగ్ చెప్పించారు. 1963 సినిమాలోని బ్లోఫెల్డ్ కూడా అంతే, శరీరం ఒకరిది, గొంతు ఇంకొకరిది, చివర పేర్లలో నటుడికి బదులు ప్రశ్నార్థకం వేశారు.

అల్లుడు: (పెన్ను తీసి, రెండు పేజీలు అడ్డంగా కొట్టేసి, మూడో పేజీ దగ్గర ఆగి) ఈ ఒక్క వాక్యం మాత్రం తీయను.

మామ: ఉంచుకో. దాన్ని ఎవరి గొంతుతో చెప్పిస్తావో ముందు అది తేల్చు.