చెరువు అడ్డం లేని చెరువు నడక

ఆదివారం తెల్లారేసరికి విశాఖ నగరవాసికి ప్రకృతి మీద ప్రేమ పుట్టుకొస్తుంది. పుట్టాక ఊరవతల ఏ చెరువు చుట్టూనో నడవాలి. ఇన్నాళ్లూ ఈ నడకకు ఒకటే పెద్ద అడ్డంకి: మధ్యలో చెరువు ఉండడం. నీళ్ల మీద నడవలేం కనక గట్టంతా చుట్టి రావాల్సి వచ్చేది. ఈ ఇబ్బంది గమనించిన పెద్దలు చెరువునే మెల్లమెల్లగా పక్కకు తప్పిస్తున్నారు. వారికి ఓ శాలువా కప్పేవాడు లేడు, అదీ విచారం.

పైకి కనిపించేంత తేలికైన పనేం కాదది. చెరువంటే ఎగువ నుంచి వాననీరు తెచ్చే కాలవ, దాన్ని ఆపే గట్టు, పొలాలకు వదిలే తూము, ఎక్కువైంది పొర్లిపోయే అలుగు. వీటిలో ఒకదాని సంగతి చూస్తే చాలు, మిగతావి వాటంతటవే దారికొస్తాయి. చెయ్యి తిరిగినవారు ముందు ఎగువ కాలవను పట్టుకుంటారు. లేఅవుట్‌కి గ్రావెల్ రోడ్డు పోసేటప్పుడు, కాలవ అడ్డొచ్చిన చోట వరదకు సరిపడా సిమెంటు గొట్టాలు వెయ్యాలి. ఒక్కటే వేస్తారు, అదీ సన్నది. తొలి వానకే అందులో మట్టి, పాలిథిన్ సంచులు, తెగిన చెప్పు ఒకటి చేరి బిగుసుకుంటాయి. నీరు రోడ్డు పక్కనే నిలబడిపోతుంది, చెరువు దాకా రాదు. కొన్నాళ్లకు చెరువులో సర్కారు తుమ్మ లేస్తుంది. అప్పుడు ‘ఇదెప్పుడో ఎండిపోయిన చెరువండీ’ అని గుండె మీద చెయ్యేసుకుని చెప్పొచ్చు.

రెండో పద్ధతి అలుగు. మన చెరువులు చాలావరకు పళ్లెంలా ఉంటాయి, లోతు తక్కువ, విస్తీర్ణం ఎక్కువ. అలుగు ఒక్క అడుగు కొట్టేస్తే తగ్గేది అడుగు నీరే గాని, అంచు వెంట ఎకరాలు బయటపడతాయి. వాటికి ‘లేక్ వ్యూ’ అని పేరు పెడతారు. పేరులోనైనా చెరువు మిగలాలన్న తాపత్రయం చూడండి! చెరువుల హద్దులు గుర్తించి ఆక్రమణలు ఆపాలని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం అంటుంది. అంటే అననివ్వండి, చట్టాలకు నడక అలవాటు లేదు.

నీళ్లున్న చోటికే వెళ్తామని మొండికేసేవారికి కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సు ఉంది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు అది అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. వలస పక్షులకు ఆ ఉత్తర్వులు అందినట్టు లేదు, చలికాలం రాగానే పాత చిరునామాకే దిగుతున్నాయి. అక్కడ తాటిమొద్దు తొలిచిన దోనె ఎక్కాలి. ఎక్కాక నియమం ఒకటే, కూర్చున్నవాళ్లు లేవకూడదు. సెల్ఫీకి ఒకరు లేచారంటే దోనె ఒరుగుతుంది, ముందు ఫోను, వెనకాల మనిషి.

నీటి మీద ఊదారంగు పూలు కనబడితే అది గుర్రపుడెక్క. పై రేకు మీద పసుపు చుక్క, చుట్టూ నీలం, ఫొటోలో అదిరిపోతుంది. ఉబ్బిన కాడ నొక్కి చూడండి, లోపలంతా గాలిగదులే, అందుకే తేలుతుంది. అది దట్టంగా అల్లుకుంటే కింది నీటికి వెలుతురుండదు, చేపకు ఊపిరాడదు. పక్కకు తీగ వేసి పిల్లలు పెడుతుంది, గింజలు బురదలో ఏళ్ల తరబడి కాచుకు కూచుంటాయి. కనక పైపైన పీకి గట్టంచున కుప్ప పోసి, బ్యానరు పట్టుకుని ఫొటో దిగి వచ్చేస్తే, తర్వాతి వానకు ఆ కుప్ప మళ్లీ నీళ్లలోకి జారుతుంది. ఏటా జరుపుకోవడానికి ఇంతకంటే నికరమైన పండగ మరొకటి లేదు.

ఇక ఏరు. బొర్రా గుహల వైపు నుంచి వచ్చే గోస్తని పద్మనాభం, తగరపువలస మీదుగా భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఏ ఏట్లోనైనా ఇసుక తవ్విన గొయ్యి పైకి పిక్కల్లోతు నీరులాగే కనబడుతుంది, అడుగు పడితే నిలువులోతు. పశువులు కాసే తాత ‘అటు దిగీకండి బాబూ, గొయ్యుంటాది’ అంటే, మ్యాపులో గొయ్యి లేదని ఆయనతో వాదన పెట్టుకోవద్దు. పశువులు దాటే రేవులోనే, కర్రతో ముందు తడుముకుంటూ దాటాలి. పారే నీరు మోకాలు దాటితే వెనక్కి తిరగాలి. ఎగువ కొండల్లో వాన పడితే, ఇక్కడ ఎండ కాస్తుండగానే గెడ్డ, అంటే వాగు, పొంగుతుంది. నీరు ఎర్రబడి పుల్లా పుడకా కొట్టుకొచ్చిందంటే అదే నోటీసు, సంతకం కోసం ఎదురుచూడొద్దు.

వరిచేల గట్ల మీద నడిచేటప్పుడు అంచు తొక్కకండి. అక్కడ పీత బొక్కలుంటాయి, కాలు దిగితే గట్టు తెగి పై మడి నీరు కింది మడికి పోతుంది. రైతు అప్పుడు వాడే భాష ఈ కాలమ్‌లో పట్టదు.

చివరగా ఒక విన్నపం. మిగిలిన చెరువుగట్ల మీద టైల్స్ పరిచి, వాకింగ్ ట్రాక్ వేసి, రంగు దీపాలు పెట్టించాలి. మట్టిగట్టు ఉత్త మొరటుది. నెర్రె విచ్చినా, బయటి వాలులో చెమ్మ ఊరినా ఊరివాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది, వెంటనే మట్టితట్టలతో పరుగెత్తుతారు. టైల్స్ పరిచి, వాలుకు సిమెంటు పూస్తే గండి పడేదాకా ఎవరి మనశ్శాంతీ చెడదు. ప్రారంభోత్సవానికి మాత్రం తుపానులు లేని నెల చూసుకోవాలి.